ఖండనమ్మ, బాత్రూం తాళంచెవి

ఏళ్ల తరబడి ఆమె కాలేజీలో ఉన్నంతసేపూ మంచినీళ్లు ముట్టలేదు. పంతమూ కాదు, పథ్యమూ కాదు. తాగితే వెళ్లాలి. వెళ్లాలంటే అడగాలి. అడగాలంటే సూపరింటెండెంటు గారి బల్ల ముందు నిలబడాలి.

స్టాఫ్ బాత్రూం వరండా చివర, మెట్ల పక్కన ఉంది. దాని తలుపుకి పిడికిలంత ఇత్తడి తాళం. పర్మనెంట్ లెక్చరర్లు ఎవరి తాళంచెవి వాళ్లు హ్యాండుబ్యాగుల్లో, ప్యాంటు జేబుల్లో వేసుకు తిరుగుతారు. గెస్ట్ లెక్చరర్లందరికీ కలిపి ఒక్కటే. దాన్ని ఎవరూ మరిచిపోయి ఇంటికి పట్టుకుపోకుండా విరిగిన చెక్క స్కేలు ముక్కకి పురికొసతో కట్టి, సూపరింటెండెంటు గారి కుర్చీ వెనక మేకుకి తగిలించారు.

ఆయన తలెత్తకుండానే "ఏంటమ్మా?" అనేవారు.

"తాళం, సార్."

"ఏ తాళం?"

ఆ గదిలో జనం వచ్చి అడిగే తాళం అదొక్కటే. అయినా ఆయన అడిగేవారు. ఫీజులు కట్టడానికి లైన్లో నిలబడ్డ పిల్లలు వెనక్కి తిరిగి చూసేవారు. ఇక ఆ స్కేలు ముక్క చేత్తో పట్టుకుని వరండా పొడవునా నడవాలి. ఎదురొచ్చిన ప్రతివాడికీ ఆమె ఎక్కడికి వెళ్తోందో తెలుసు. పాపం, మర్యాదస్తులు, తెలియనట్టు నటించేవారు. ఆ నటనే ఎక్కువ బాధగా ఉండేది.

దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు. అన్యాయానికి కాస్త హోదా ఉండాలని జనం నమ్మకం. లాఠీయో తుపాకీయో ఉండాలి, కనీసం ఒక అరుపైనా ఉండాలి. స్కేలు ముక్కకి అంత గౌరవం ఎవరిస్తారు? ఆమె కూడా ఇవ్వలేదు. అడగడం మానేసి, నీళ్లు మానేసింది. మంచినీళ్లు తాగినంత తేలిక అంటారు గానీ, ఆమె చేసే పనులన్నిటిలోకీ కష్టమైనది అదే. ఏడాదికోసారి మంట, జ్వరం. డాక్టరమ్మ చీటీ రాస్తూ ప్రతిసారీ ఒకే మాట చెప్పేది: "నీళ్లు బాగా తాగండి, ఆపుకోకండి." ఈమె తలూపి, మాత్రలు కొనుక్కుని వచ్చేది.

ఆమె సాయంత్రం కాలేజీలో రాజకీయశాస్త్రం చెబుతుంది. భర్త లిఫ్టు మెకానిక్. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఊరందరి మాటలూ విన్న చెవులు కావడంతో ఆవిడ దగ్గర అబద్ధం నిలబడదు. ఇక ఉద్యోగం విషయానికొస్తే, కాగితాల మీద ఈమె "అతిథి అధ్యాపకురాలు". అతిథి అంటే తిథి లేకుండా వచ్చేవాడని అర్థం. కాలేజీ ఆ అర్థాన్ని కాస్త సాగదీసింది: తిథి చూడకుండా పొమ్మనదగినవాడు.

ఆ ఏడాది పైనుంచి కొత్త పేపరు వచ్చింది. కాంటినెంటల్ ఫిలాసఫీని తీసుకుని ప్రపంచ రాజకీయాలనీ, దేశాల మధ్య సంబంధాలనీ అర్థం చేసుకోవడం. ఆమె చదువంతా అదే. చెప్పే అవకాశం వచ్చినందుకు ఇంట్లో లడ్డూ పంచినంత సంబరపడింది. నోటీసు బోర్డు కోసం ఆ పేరుని తెలుగులోకి మార్చే పని సూపరింటెండెంటు గారి మీద పడింది. ఆయన శ్రద్ధగానే చేశారు. కాంటినెంట్ అంటే ఖండం అని నిఘంటువులో ఉంది. "ఖండ తత్వశాస్త్రం" అని రాసి చూసుకుంటే ఏదో ముక్క విరిగిపోయినట్టు కనిపించింది. నిండుగా ఉంటుందని ఒక "న" చేర్చారు. "ఖండన తత్వశాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు." ప్రిన్సిపాల్ సంతకం పెట్టారు. యూనివర్సిటీ ముద్ర వేసింది. ముద్ర పడ్డాక తప్పు తప్పుగా మిగలదు, విధానమైపోతుంది.

ఆమె వెళ్లి నెమ్మదిగా చెప్పింది. "సార్, ఖండం అంటే యూరప్ ఖండం. సముద్రానికి అవతలి ఒడ్డున ఉన్నవాళ్ల ఆలోచనలకి ఇంగ్లండు వాళ్లు పెట్టిన పేరు. ఖండించడం కాదు."

"అంతర్జాతీయ సంబంధాల్లో ఇంకేం చేస్తారమ్మా? పేపరు తిరగేస్తే రోజూ ఎవడో ఒకడు ఇంకొకణ్ణి ఖండిస్తూనే ఉంటాడు గదా."

నిజానికి ఆ మాట మీద ఒక పరిశోధనా వ్యాసం రాయొచ్చు.

ఆ పేరు చూసి వచ్చిన విద్యార్థులు వేరే రకం. కొరియర్ కుర్రాడు, బ్యూటీపార్లర్ నడిపే ఆవిడ, పెట్రోలు బంకు క్యాషియరు, ఇంకొందరు. వాళ్లందరిలోకీ ఉత్సాహవంతుడు "ప్రకటన". అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎవరూ వినని ఒక పార్టీకి అతను వార్డు కార్యదర్శి. వాన పడితే ఒక ప్రకటన, పడకపోతే ఒక ప్రకటన ఇచ్చేవాడు. ఇక్కడ ఖండించడం నేర్పుతారని తెలిసి మొదటి బెంచీలో కూచున్నాడు.

"మేడం, తీవ్రంగా ఖండించడానికీ ముక్తకంఠంతో ఖండించడానికీ తేడా ఏంటి?"

"తీవ్రంగా అంటే మేమేమీ చేయబోము అని. ముక్తకంఠంతో అంటే మేమందరం కలిసి ఏమీ చేయబోము అని."

అతను రాసుకున్నాడు. ఆ సాయంత్రంతో ఆమె పేరు ఖండనమ్మ అయిపోయింది.

పాఠం మాత్రం ఆమె తనదే చెప్పింది. "ఇంటికొచ్చినవాళ్లతో 'మీ ఇల్లే అనుకోండి' అంటాం కదా," అని మొదలుపెట్టింది. "నిజంగా వాళ్ల ఇల్లయితే ఆ మాట అనక్కర్లేదు. అన్న మరుక్షణమే ఇల్లెవరిదో తేలిపోతుంది. వచ్చినవాడు సోఫాలో కూచోవచ్చు గానీ ఫ్రిజ్ తెరవకూడదు. పడవల మీద ఒడ్డుకి చేరిన జనంతో దేశాలు చేసేదీ ఇదే. రానిస్తారు, కానీ పేరు చెప్పు, కాగితం చూపించు, ఎన్నాళ్లుంటావో చెప్పు. షరతులున్న ఆతిథ్యం అన్నమాట. షరతుల్లేనిది మాత్రమే అసలైన ఆతిథ్యమని ఆ ఖండం వాళ్లలో ఒకాయన అన్నాడు. అలా తలుపు తీసి పెట్టుకుంటే అసలు ఇల్లంటూ మిగులుతుందా అని కూడా ఆయనే అడిగాడు. ఈ రెండిటి మధ్యే మన రాజకీయాలన్నీ నలుగుతుంటాయి."

"మా పార్లర్లో కూడా అంతే మేడం," అంది పార్లర్ ఆవిడ. "ఏసీ కింద కూచోమంటాం. రిమోట్ మాత్రం నా దగ్గరే ఉంటుంది."

"అదే సార్వభౌమత్వం అంటే. రిమోట్."

పాఠం అలా పాకాన పడింది. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో అయిదు దేశాలు పర్మనెంటు, మిగతావి వచ్చిపోయేవి. పర్మనెంటు వాళ్లలో ఒక్కరు తల అడ్డంగా ఊపినా తీర్మానం చెత్తబుట్టలోకే. "మన స్టాఫ్‌రూంలాగే," అని కొరియర్ కుర్రాడు అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి తలకెక్కింది. "సార్వభౌముడంటే రూలు రాసేవాడు కాదు. రూలు ఎవరికి వర్తించదో చెప్పేవాడు. మన బాత్రూం తాళమే చూడండి," అనేసింది. అని, నాలుక కరుచుకుంది. అప్పటికే ప్రకటన పెన్ను పరిగెడుతోంది.

మర్నాడు సాయంత్రానికి గేటు గోడ మీద కాగితం అతికించి ఉంది. "అతిథి అధ్యాపకుల మూత్రవిసర్జన హక్కును కాలరాస్తున్న తాళం విధానాన్ని మా పార్టీ తీవ్రంగా ఖండిస్తున్నది." కింద అతని ఫొటో, పిడికిలి బిగించి.

ఆమె చదివి గోరుతో పీకబోయింది, జిగురు గట్టిగా పట్టింది.

సూపరింటెండెంటు గారు అరవలేదు. అరిచినా బాగుండేది. మేకు మీది స్కేలు ముక్కని తీసి సొరుగులో వేసి, "పరిస్థితి చక్కబడే వరకు" అని ఊరుకున్నారు. అంతర్జాతీయ భాషలో వీటిని ఆంక్షలంటారు. ఆంక్షల లక్షణమేమిటంటే, గొడవ చేసినవాడికి అవి తగలవు. ప్రకటన మగాడు, వాడికి ఊరంతా గోడలే. తగిలింది ఎవరికంటే, అకౌంట్స్ చెప్పే అమ్మాయికి. ఆమె కూడా గెస్టే, పైగా ఆరో నెల. పీరియడ్‌కోసారైనా లేవాల్సిందే. ఇప్పుడు రోడ్డు దాటి బస్టాండుకి పోతోంది.

"అక్కా, మీ తత్వశాస్త్రం పుణ్యమా అని ట్రాఫిక్ కానిస్టేబుల్ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు," అందా అమ్మాయి. నవ్వుతూనే అంది. కాళ్లు మాత్రం చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి.

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఎదుటి కుర్చీ చూపించి, "మీ గదే అనుకోండి," అన్నారు. ఆమెకి నవ్వొచ్చి ఆపుకుంది. ఆపుకోవడంలో మంచి అనుభవం ఉంది కదా.

"రెండు వైపులా సంయమనం ఉండాలమ్మా," అన్నారాయన.

"సార్, ఒక వైపు తాళంచెవి ఉంది. రెండో వైపు..."

"అందుకే చెబుతున్నాను. వచ్చే వారం గెస్టుల రెన్యువల్ ఫైలు నా బల్ల మీదకొస్తుంది. మీరు మంచివారు. ఈ కొన్నాళ్లు కాస్త చూసీచూడనట్టు ఉండండి."

ఆ రోజు ఇంటికి వచ్చాక కూరగాయలు తరుగుతూ అత్తగారికి చెప్పింది.

"ఆ పిల్ల కడుపుతో రోడ్డు దాటుతోందా?" అన్నారు అత్తగారు.

"అవునత్తయ్యా."

"నువ్వేం చేస్తున్నావు?"

"ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను."

"మాట్లాడింది ఆయన. నువ్వు నీళ్లు నమిలావు. తాగనిదానివి నమలడమెందుకు?"

"రెన్యువల్ పోతే ఎలా?"

"పోతే పోనీ అని నేననను. కరెంటు వాడు మన ఆదర్శాలు చూసి బిల్లు తగ్గించడు." ఆవిడ ఇంకో వంకాయ అందించారు. "మా ఎక్స్ఛేంజిలో సీట్లోంచి లేవాలంటే చెయ్యెత్తాలి. బళ్లో పిల్లల్లా. సూపర్వైజరు తల ఊపితేనే లేవాలి. ఒకరోజు ఒకావిడ చెయ్యెత్తకుండా లేచి వెళ్లొచ్చేసింది."

"ఏం చేశారు ఆవిణ్ణి?"

"ఏం చేస్తారు? వెళ్లొచ్చేశాక ఏం చేస్తారే? మేమంతా నోరు తెరుచుకుని చూశాం. మర్నాటినించి నేనూ ఎత్తలేదు."

ఆ రాత్రి ఆమెకి తన చదువంతా కొత్తగా కనబడింది. కాపలావాడు ఎదురుగా లేకపోయినా ఉన్నట్టే మసలుకునే మనుషుల గురించి ఎన్ని పాఠాలు చెప్పింది. జైళ్లు, సరిహద్దులు, నిఘా కెమెరాలు, పెద్ద దేశాల కంటిచూపుకి బెదిరి తమంతట తామే సర్దుకునే చిన్న దేశాలు. తన మూత్రాశయాన్ని మాత్రం ఆ జాబితాలో ఎప్పుడూ చేర్చుకోలేదు. సూపరింటెండెంటు సెలవులో ఉన్న రోజుల్లో కూడా తను నీళ్లు తాగలేదని గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మర్నాడు ఆమె పెద్ద సీసాతో వచ్చింది. నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లి, సూపరింటెండెంటు గారి బల్లకి ఎదురుగా ఉన్న సందర్శకుల కుర్చీలో కూచుని, మూత తీసి తాగడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు సార్. దాహం."

ఆయన రాసుకున్నారు. ఆమె తాగింది. ఆయన మళ్లీ తలెత్తారు. "తాళం కావాలా?"

"నేను అడగలేదు కదా సార్."

"అడిగితే ఇవ్వనన్నానా?"

"అడిగితే ఇచ్చేది మీ దయ సార్. నాకు కావలసింది దయ కాదు, బాత్రూం."

ఫీజుల లైను మెల్లగా ఆగిపోయింది. ఇంతలో అకౌంట్స్ అమ్మాయి గుమ్మంలోంచి తొంగి చూసింది, ఏమీ అడగలేదు. తనూ సీసా తెచ్చుకుని పక్క కుర్చీలో బరువుగా కూలబడింది. మరో రెండు నిమిషాలకి ప్రకటన ఊడిపడ్డాడు. "మేడం, దీన్ని నేను..."

"నువ్వు కూచో నాన్నా. నోరు తెరిస్తే నీళ్లు తాగడానికే తెరువు."

కూచున్నాడు. తాగాడు కూడా.

సూపరింటెండెంటు గారు పెన్ను కింద పెట్టారు. "తాళం నేను సరదాకి వేయలేదమ్మా. అప్పట్లో తెరిచే ఉండేది. బయటి జనం వచ్చి వాడి, వాష్‌బేసిన్ విరగ్గొట్టి పోయారు. నన్ను సంజాయిషీ అడిగారు. నేనేం చేశానని ఒక్కరూ అడగలేదు. తాళం వేయమన్నారు, వేశాను. ఇప్పుడు మీరంతా నన్నే రాక్షసుణ్ణి చేశారు."

ఆ మాటలో న్యాయం ఉందని ఆమెకి తెలుసు. సరిహద్దు దగ్గర ముద్ర కొట్టేవాడు సరిహద్దుని గీయలేదు. అయినా ముద్ర అతని చేతిలోనే ఉంటుంది. "మిమ్మల్ని ఎవరూ ఏమీ అనట్లేదు సార్," అంది. "కూచున్నాం, అంతే."

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. సూపరింటెండెంటు గారికి షుగరు. గంటకోసారి లేవకపోతే ఆయనకి కుదరదు. పర్మనెంట్ లెక్చరర్లకి తాళంచెవులు ఇచ్చిన కాలేజీ, ఆఫీసు సిబ్బందికి ఇవ్వలేదు. ఆయన రోజూ వాడేది కూడా ఆ స్కేలు ముక్కకి కట్టిన తాళంచెవినే. ఆయన కుర్చీలో కాస్త అటు జరిగారు. కాస్త ఇటు జరిగారు. సొరుగు మీద చెయ్యి పెట్టి తీసేశారు. ఇప్పుడు సొరుగు తెరిస్తే ఇద్దరాడవాళ్ల ముందు, ఒకామె కడుపుతో ఉండగా, తాళంచెవి పట్టుకుని తాను మాత్రం వెళ్లాలి. ఎంత పర్మనెంటు మనిషికైనా అది చేతకాదు.

ఏలేవాడికి ఏలబడేవాడి అవసరమే ఎక్కువని ఆమె ఎన్నోసార్లు బోర్డు మీద రాసింది. ఎదురుగా చెమటలు పట్టి కూచుంటే చూడ్డం ఇదే మొదలు. సంతోషంగా ఏమీ లేదు. ఆమెకీ పొత్తికడుపు బిగుసుకుపోతోంది.

"అడగండమ్మా. ఒక్క మాట. ఇచ్చేస్తాను."

"మీరు వెళ్లిరండి సార్. మేమేం అనుకోం."

"అలా ఎలా వెళ్తాను?"

"మేమూ అదే అంటున్నాం."

మన భాషలో తాళానికి కూడా చెవి ఉంది. ఆఫీసులకే ఉండదు. ఆ రోజు ఎందుకో కాస్త వినబడింది. ఆయన విసురుగా సొరుగు లాగి, స్కేలు ముక్క తీసుకుని లేచారు. వెనకే ఈమె, అకౌంట్స్ అమ్మాయి, ప్రకటన, ఫీజుల లైనులో సగం మంది. వరండాలో అలాంటి ఊరేగింపు ఎన్నడూ జరగలేదు. ఆయన తాళం తీసి లోపలికి వెళ్లారు, వచ్చారు. ఒక చేతిలో తాళం, ఇంకో చేతిలో స్కేలు ముక్క. అందర్నీ చూశారు. ముఖం కడుక్కున్నట్టున్నారు, మీసాల మీద నీళ్లు.

"తాళంచెవి ఎక్కడో పడిపోయింది," అన్నారు.

అందరూ ఆయన చేతిలోని తాళంచెవి వైపు చూశారు. ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు. స్కేలు ముక్క బయటికి పొడుచుకొచ్చింది.

"ఆఫీసు తాళంచెవి పోయాక, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నా రూలు ప్రకారం తాళం వేయడానికి లేదు. కొత్తది కొనేవరకు తెరిచే ఉంటుంది. కొనాలంటే ప్రిన్సిపాల్ గారి సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టాలంటే పాతది ఎలా పోయిందో కమిటీ తేల్చాలి."

"కమిటీ ఎప్పుడు వేస్తారు సార్?" అన్నాడు ప్రకటన.

"అది పైవాళ్ల ఇష్టం," అని ఆయన గంభీరంగా నడిచి వెళ్లిపోయారు. ఒప్పందాలన్నీ ఇలాగే కుదురుతాయి. ఎవరూ ఓడినట్టు కనబడకూడదు. అకౌంట్స్ అమ్మాయి ఆయన వాక్యం పూర్తి కాకముందే లోపలికి వెళ్లిపోయింది.

ప్రకటన ఇంకో కాగితం అంటించాడు, ఇది తమ పార్టీ విజయమని. రెన్యువల్ వారం పొడుగునా ఆమెకి అన్నం సయించలేదు. చివరికి ఆర్డరు వచ్చింది. ప్రిన్సిపాల్ ధైర్యం చేశారని కాదు, ఆ పేపరు చెప్పడానికి ఇంకొకరు దొరకలేదు. "పోనీ ఆ ఖండన మాటైనా సరిచేద్దామా?" అన్నారాయన. "ఉండనివ్వండి సార్, అలవాటైపోయింది," అంది.

ఇప్పుడు ఆమె పాఠం మధ్యలో నీళ్లు తాగుతుంది. వెళ్లాలనిపిస్తే వెళ్తుంది. అలా వెళ్లిన ఒక సాయంత్రం, బాత్రూం కడుగుతున్న ఆయమ్మ చీపురు పక్కన పెట్టి తప్పుకుంది. రోజూ చూసే మనిషే. ఈమెకి హఠాత్తుగా తట్టింది.

"నువ్వు ఎక్కడికెళ్తావు?"

"బస్టాండుకమ్మా."

"ఇక్కడ తాళం లేదుగా ఇప్పుడు."

"తాళం లేదు గానీ, నన్ను వెళ్లమని ఎవరూ అనలేదుగా. కడగడం వరకే నా పని."

ఆమె అక్కడే నిలబడిపోయింది. పేరు పెట్టి ఆహ్వానిస్తేనో, షరతు పెడితేనో, బయటికి గెంటితేనో ఒక మనిషిని పరాయివాడంటాం. ఆయమ్మని ఎవరూ గెంటలేదు, ఎవరూ ఆపలేదు. ఆ తలుపు గురించి జరిగిన తగాదా మొత్తంలో, రోజూ దాన్ని తెరిచి కడిగే మనిషి ఎవరి లెక్కలోకీ రాలేదు. గెస్టుల లెక్కలోకీ, ప్రకటన కాగితంలోకీ, ఆమె తత్వశాస్త్రంలోకీ. "రేపటినించి ఇక్కడికే వెళ్లు," అంటే ఆయమ్మ నవ్వింది. "మీరంటే సరిపోతుందా అమ్మా?" అంది.

సరిపోలేదు. ఆయమ్మ కూడా వాడుకోవచ్చని ఒక మాట చెప్పమని ఆమె సూపరింటెండెంటు గారిని అడిగింది. ఆయన "పైవాళ్లని కనుక్కోవాలి" అన్నారు. కనుక్కుంటున్నారు. ఈలోగా ఆయమ్మ రోడ్డు దాటుతూనే ఉంది. అటు బయల్దేరినప్పుడల్లా ఖండనమ్మ, చంటిబిడ్డ తల్లయి తిరిగొచ్చిన అకౌంట్స్ అమ్మాయి వంతులేసుకుని ఆయమ్మని చెయ్యి పట్టుకుని వరండా చివరికే తీసుకెళ్తున్నారు. కొన్ని రోజులు వస్తుంది. కొన్ని రోజులు చెయ్యి విడిపించుకుని బస్టాండుకే వెళ్తుంది.

ఇది చదువుతున్న మీరు కూడా ఏదో ఒక ఆఫీసులోనో, బడిలోనో, ఆసుపత్రిలోనో, దుకాణంలోనో పనిచేస్తూ ఉంటారు. రేపు అక్కడ తుడిచేవాళ్లని, కాపలా కాసేవాళ్లని, పార్సిలు తెచ్చినవాళ్లని, మీకంటే తక్కువ కాగితంతో పనిచేస్తున్నవాళ్లని ఒక్క మాట అడగండి: మీరు ఎక్కడికి వెళ్తారు అని. జవాబు విని బాధపడి ఊరుకోకండి. మీ దగ్గర తాళంచెవి ఉంటే ఇంకోటి చేయించి వాళ్లకివ్వండి. తాళం మీ చేతిలో లేకపోతే, ఎవరి చేతిలో ఉందో వాళ్ల బల్ల ముందుకి మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ముందుగా సీసా నింపుకోండి.